పూలసీసాకు వదిన అనే పేరు

కోసిన పూలను నీళ్ళలో నిలబెట్టే పాత్రకు మన ఇళ్ళలో స్థిరమైన పేరంటూ లేదు. కుండీ అంటే మట్టీ మొక్కా గుర్తొస్తాయి. కూజా అంటే దాహం గుర్తొస్తుంది. అందుకే చాలామంది ఫ్లవర్ వాజు అనేసి ఊరుకుంటారు. నేను నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలో మాత్రం దాన్ని వదిన అనేవారు. "కిటికీలో ఉన్న వదినని కాస్త లోపలికి జరుపు, గాలికి పడేలా ఉంది" అని ఒకరంటే, "వదినలన్నీ కడిగి బోర్లించేశాను సిస్టర్" అని ఇంకొకరు బదులు చెప్పేవారు. కొత్తగా చేరినవాళ్ళు మొదట బిత్తరపోయేవారు. నాలుగు రోజులు పోయాక వాళ్ళూ అలాగే అనేవారు.

అక్కణ్ణుంచి బదిలీ అయిన నర్సుల నోళ్ళలో పడి ఆ మాట వేరే ఆసుపత్రులకూ వెళ్ళింది. అలాంటి ఒకచోట ఓ కుర్ర డాక్టరుగారు దానికి అర్థం చెబుతుంటే విన్నాను. కొమ్మ నుంచి తెగి వచ్చిన పువ్వు పుట్టిల్లు వదిలి వచ్చిన కొత్తకోడలు లాంటిదట. పరాయి ఇంట్లో ఆ పిల్లను చెయ్యి పట్టుకుని నిలబెట్టేది వదినేనట. అందుకని ఆ పేరట. "మా వదిన చెయ్యి పట్టుకోలేదు డాక్టర్, జుట్టు పట్టుకుంది" అని పక్కనున్న నర్సు అనేసరికి అందరం నవ్వాం. డాక్టరుగారు చెప్పింది అందంగానే ఉంది. కానీ నిజం కాదు. ఆ మాట వెనక ఒక మనిషి ఉంది. ఆమెను నేనెరుగుదును.

ఆమె భర్త గాజు కార్ఖానాలో పనిచేసేవాడు. కొలిమి దగ్గరవాళ్ళు ఊది ఇచ్చిన దీపపు బుడ్లకు అంచులు కోసి, తిరిగే రాయి మీద నునుపు చెయ్యడం అతని పని. చేతివిద్య ఉన్నవాడు ఇంట్లో ఊరికే ఉండలేడు. సెలవు రోజున ఖాళీ సీసాలు పోగేసి నీళ్ళు తాగే గ్లాసులుగా కోసేవాడు. నూలుదారాన్ని కిరసనాయిల్లో తడిపి, సీసా చుట్టూ బిగించి కట్టి, వెలిగించేవాడు. మంట చుట్టూరా పాకేదాకా సీసాను నెమ్మదిగా తిప్పి, చటుక్కున చన్నీళ్ళ బకెట్టులో ముంచేవాడు. లోపల చిన్నగా టిక్కుమని శబ్దం వచ్చేది. బయటికి తీస్తే మెడ ఒక చేతిలోకీ ఒళ్ళు ఒక చేతిలోకీ వచ్చేసేవి. పక్కన బకెట్టు పట్టుకుని కూర్చునేది ఆమె. "ముంచాక చూడటం కాదు, వినాలి. టిక్కుమంటేనే తియ్యాలి" అని చెప్పేవాడు. చూసి చూసి ఆమెకూ చెయ్యి తిరిగింది.

ఆ తిరిగే రాయి నుంచి లేచే గాజుపొడి అతని ఊపిరితిత్తుల్లో చేరింది. మొదట పొడిదగ్గు, తర్వాత ఆయాసం. మెట్లెక్కలేకపోయాడు, ఆపైన గుమ్మం దాటలేకపోయాడు, చివరికి దిండుకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. అతను పోయేనాటికి ఆమెకింకా చిన్న వయసే. పిల్లలు లేరు. ఇంట్లో అత్తగారూ మరిదీ మిగిలారు. సీసాలు కోసే సామానంతా ఒక డబ్బాలో పెట్టి, ఆమె దాన్ని మంచం కిందికి తోసేసింది.

అత్తగారి నోరు మంచిది కాదు. మనసు సంగతి ఎవరూ కనుక్కునే ధైర్యం చెయ్యలేదు. కొడుకు పోయిన కొద్దిరోజులకే కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టి, "గోడకు జారబడి కూర్చుంటే పోయినవాడు లేచొస్తాడా? నేనూ మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్నే. నాలుగిళ్ళలో చాకిరీ చేసి ఇద్దర్ని పెంచాను. లే, లేచి ఏదన్నా పని చూసుకో" అంది. ఆ మాటలు విన్న పొరుగువాళ్ళు ఎంత రాతిగుండె అనుకున్నారు. కోడలు మాత్రం లేచింది.

పని చూసినవాడు మరిది. అతను ఈ ఆసుపత్రిలోనే లిఫ్టు నడిపేవాడు. ఇనుప జాలీ తలుపూ, ఇత్తడి పిడీ ఉన్న పాతకాలపు లిఫ్టు అది. పిడి తిప్పడంలో చెయ్యి ఏమాత్రం తప్పినా అంతస్తుకు జానెడు పైనో కిందో ఆగేది. అతని చేతిలో మాత్రం గడపకు గడప ఆనినట్టు ఆగేది. స్ట్రెచరు మీదున్న మనిషికి కుదుపు తెలియకూడదని అతని పంతం. దానికి తోడు వాగుడుకాయ. నొప్పితో మూలుగుతున్నవాణ్ణి కూడా మూడో అంతస్తు చేరేలోపు నవ్వించేవాడు. పెద్ద సిస్టరును బతిమాలి వదినకు సీసాలగదిలో పని ఇప్పించాడు. ఆ రోజుల్లో సెలైను గాజు సీసాల్లో వచ్చేది. వాడిన సీసాలను వేడినీళ్ళలో కడిగి, ఆవిరిలో ఉడికించి, మళ్ళీ నింపడానికి పంపేవారు. మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడినా రబ్బరు బిరడా గట్టిగా పట్టదు కాబట్టి ఆ సీసాను చెత్తలో వేసేవారు. కడగడం, మూతులు తడిమి చూడటం, పనికిరానివి ఏరెయ్యడం ఆమె పని.

మధ్యాహ్నం కాగానే మరిది లిఫ్టు ఆపి, నడవా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వినబడేలా, "వదినా, భోజనం వేళయింది!" అని కేకేసేవాడు. ఆ కేక రోజూ వినీ వినీ ఆయాలు ఆమెను వదినా అన్నారు. నర్సులు అన్నారు. తెల్లమీసాల పెద్ద డాక్టరుగారు ఒకరోజు తల లోపలికి పెట్టి, "వదినా, సీసాలు ఆరాయా?" అని అడిగేసరికి ఆమెకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. తాత వయసాయన! అప్పట్నుంచీ ఊరందరికీ ఆమె వదినే.

ఇలా ఉండగా అత్తగారు స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎముకల వార్డులో పడుకోబెట్టి, కాలికి బరువు కట్టి, కదలకూడదన్నారు. కాలు కదలకపోయినా నోరు కదులుతూనే ఉంది. దుప్పటి గరుకన్నది, దీపం కళ్ళలో కొడుతోందన్నది. నర్సులకు వణుకు.

పక్క మంచం మీద ఒక అమ్మాయి ఉండేది. టెలిఫోన్ ఆఫీసులో పని. మేడమెట్ల మీంచి పడి వెన్ను దెబ్బతింది. మెడ నుంచి నడుం దాకా పిండికట్టు వేసి వెల్లకిలా పడుకోబెట్టారు. తల అటూ ఇటూ తిప్పలేకపోయేది. ఆమెకు కనిపించేది కప్పు ఒక్కటే. వాళ్ళ నాన్న పురపాలక ఉద్యానవనంలో తోటమాలి. సాయంత్రం రోగులను చూడనిచ్చే వేళకు తప్పకుండా వచ్చేవాడు. మాటలు రాని మనిషి. చేతిలో గుప్పెడు పూలు పట్టుకుని వచ్చి, కూతురి ముఖం మీదుగా కాసేపు పట్టుకునేవాడు. ఆమె చూసేది. తర్వాత ఎక్కడ పెట్టాలో తెలియక మందుగ్లాసులో పెట్టి వెళ్ళేవాడు. ఆయన అటు వెళ్ళగానే ఆయా వచ్చి, మందులకు గ్లాసు కావాలని పూలు తీసి బుట్టలో పడేసేది. అది ఆమె తప్పు కాదు. వార్డులో గ్లాసులే తక్కువ.

ఒకరోజు కోడలు పని ముగించుకుని చూడటానికి వచ్చినప్పుడు అత్తగారు గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం అదే మొదటిసారి.

"ఆ పూలు బుట్టలో పడ్డ చప్పుడు ఆ పిల్లకు వినిపిస్తుందే. తల తిప్పలేదు కదా, అందుకని కళ్ళు మూసుకుంటుంది. నేను రోజూ చూస్తున్నాను."

"అయ్యో, ఏం చేద్దాం అత్తయ్యా?"

"నన్నడుగుతావేం? పొద్దస్తమానం సీసాల మధ్య ఉండేదానివి. సీసాలు కోసేవాడి పెళ్ళానివి. ఒకటి కోసి తెచ్చి పెట్టలేవా?"

కొడుకు పోయిన తర్వాత ఆవిడ అతని పని ఊసెత్తింది అప్పుడే. కోడలు ఇంటికి వచ్చింది. మర్నాడు పెద్ద సిస్టరును అడిగి, మూతి విరిగిన సీసాలు నాలుగైదు తెచ్చుకుంది. మంచం కింది డబ్బా బయటికి లాగి, పెరట్లో కూర్చుంది. దారం వెలిగించింది. కిరసనాయిలు వాసన తగలగానే, మంట చుట్టూరా పాకకముందే ముంచేసింది. మొదటి సీసా అడ్డదిడ్డంగా పగిలింది. రెండోది నీళ్ళలోనే ముక్కలయింది. మరిది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చుని బకెట్టు పట్టుకున్నాడు. ఆ పైన సీసా టిక్కుమంది. ఆమె దాన్ని బయటికి తియ్యలేదు. నీళ్ళలో అలాగే పట్టుకుని ఏడ్చింది. అతను ఓదార్చబోలేదు. బకెట్టు మాత్రం వదల్లేదు.

అంచును తడిరాయి మీద అరగదీసి నునుపు చేసింది. అంతటితో ఊరుకోలేదు. గాయాలకు అంటించే ప్లాస్టరు ముక్కను ఆకులా కత్తిరించి సీసాకు అంటించి, చుట్టూ తడి ఇసుకతో గంటల తరబడి రుద్దింది. గాజు మంచు పట్టినట్టు తెల్లబడింది. ప్లాస్టరు ఊడదీస్తే ఆ ఆకు ఉన్నమేర మాత్రం తేటగా, లోపలి కాడలు కనిపించేలా మిగిలింది. దానికి సన్నతీగ చుట్టి, సెలైను తగిలించే స్టాండుకే వేలాడగట్టింది. పడుకున్న అమ్మాయికి ఇప్పుడు కప్పు కాకుండా అది కనబడింది. అడుగు నుంచి చూస్తే నీళ్ళూ, ఆ నీళ్ళలో కాడలూ, వాటికి పట్టిన చిన్న చిన్న గాలిబుడగలూ, పైన చామంతులూ. తోటమాలి సాయంత్రం వచ్చి, పూలు అందులో పెట్టి, చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. వెళ్ళేటప్పుడు సీసాలగది గుమ్మం దాకా వచ్చి, ఏదో చెప్పాలనుకుని, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒకటి చూస్తే అందరికీ కావాలనిపిస్తుంది. ప్రసూతి వార్డు అడిగింది, పిల్లల వార్డు అడిగింది. ఎలాగూ పారేసే సీసాలే కదా అని పెద్ద సిస్టరు సరేనంది. "వదిన చేసిన సీసా ఉందా?" అని అడిగేవారు మొదట. తర్వాత అది "వదిన సీసా" అయింది. ఒక సాయంత్రం నర్సు ఒకామె లిఫ్టు దగ్గరికొచ్చి మరిదితో, "మూడో అంతస్తుకి రెండు వదిన సీసాలు పట్రావా?" అంది.

అతను పిడి మీద చెయ్యేసి, ముఖం గంభీరంగా పెట్టి, "ఒక్క వదినతోనే వేగలేక చస్తున్నాను సిస్టర్, మీకు ఇద్దరా!" అన్నాడు.

లిఫ్టులో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ తర్వాత ట్రేలో సీసాలు పెట్టుకుని తలుపు తీసినప్పుడల్లా, "జరగండి జరగండి, వదినలొస్తున్నారు!" అని కేకేసేవాడు. సీసా అనే తోక ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు. వార్డు అరల మీద నర్సులు ప్లాస్టరు అంటించి "వదినలు" అని రాసుకున్నారు. ఒకరోజు ఎవరో ఆయా మెట్ల మీంచి "వదిన పగిలిపోయింది!" అని అరిస్తే, మరిది లిఫ్టు వదిలేసి సీసాలగదికి పరిగెత్తాడు. ఆమె నిక్షేపంలా నిలబడి సీసాలు కడుగుతోంది. రొప్పుతున్న మరిదిని చూసి, "ఏమైంది అబ్బాయ్?" అని అడిగింది. "ఏం లేదు వదినా, దాహమేసింది" అన్నాడతను.

తోటమాలి కూతురు మెడకు పట్టీతో, తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి వెళ్ళింది. అత్తగారు వెళ్ళలేదు. ఎముక అతికే దారిలో ఉండగానే నిమ్ము చేసింది. చివరి రోజుల్లో ఆవిడ సణగడం మానేసింది. నర్సులే బెంగపెట్టుకున్నారు. పోయే ముందటి సాయంత్రం కోడలి చెయ్యి పట్టుకుని, "వాడికి పెళ్ళి చెయ్యి. నువ్వే చెయ్యాలి" అంది.

శవాలగది పక్కన ఇంకో గది ఉంది. పోయినవాళ్ళను అప్పగించేదాకా ఇంటివాళ్ళు అక్కడ కూర్చోవాలి. వదినా మరిదీ అక్కడ కూర్చున్నారు. ఒక బల్ల, సున్నం రాలిన గోడ, సరిగా కట్టని కుళాయి. "ఏడుపు రాలేదమ్మా అక్కడ. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడనే చూస్తూ కూర్చున్నాం" అని ఆమె చాలాకాలం తర్వాత నాతో అంది.

ఒకే ఇంట్లో వయసులో ఉన్న వదినా మరిదీ మిగిలితే లోకం ఊరుకోదు. చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఆమె ఎవరితోనూ వాదించలేదు. సెలవు రోజుల్లో మంచి చీర కట్టుకుని తానే సంబంధాలకు తిరిగింది. కుట్టుదుకాణంలో పనిచేసే అమ్మాయిని చూసి ఖాయం చేసింది. "పిల్లకు నోరు కొంచెం ఎక్కువే వదినా" అని మరిది గునిసితే, "మీ అమ్మ లేని లోటు తీరాలి కదా" అంది. అలా తోడికోడలు ఇంటికి వచ్చింది. వచ్చిన రోజునే వంటగదిలో డబ్బాలన్నీ మార్చేసింది. ఇద్దరికీ ఉప్పు ఎక్కడ ఉండాలన్న దాని మీద మొదలైన తగాదా చాలా ఏళ్ళు నడిచింది.

నేను ఆ ఆసుపత్రిలో చేరింది ఆ రోజుల్లోనే. అప్పటికి కిటికీ కిటికీకీ ఒక వదిన ఉంది. ఆకులే కాక చేపలూ పిట్టలూ కూడా గీసేది ఆమె గాజు మీద.

తర్వాత కొత్త సర్జనుగారు వచ్చారు. ఆపరేషను అయినవాళ్ళకు పుళ్ళు మానకుండా చీము పడుతోందని ఆయన ప్రతిదీ పరీక్ష చేయించారు. గచ్చు, కుళాయిలు, దుప్పట్లు, చివరికి పూలసీసాల్లో నీళ్ళు. చీము పట్టించే క్రిములు ఆ నీళ్ళలోనూ ఉన్నాయి. వార్డుల్లోకి పూలు రాకూడదని ఆర్డరు వేశారు. ఆయన మంచివాడు. ఆర్డరు పంపి ఊరుకోకుండా తానే సీసాలగదికి వచ్చి ఆమెకు విషయం చెప్పారు. నేను పక్కనే ఉన్నాను.

ఆమె అంతా విని, తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "ఎన్నాళ్ళ నుంచి బాబూ?" అని అడిగింది.

"ఏమిటమ్మా?"

"ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోంది? నా సీసాల వల్ల ఎవరికైనా..."

సర్జనుగారు అక్కడున్న స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. "అంతా దానివల్లే అని చెప్పలేమమ్మా. ఒక్క పూలనీళ్ళే కారణం కాదు. కానీ ఆ దారి ఒకటి మూసెయ్యాలి" అన్నారు. అబద్ధం చెప్పి ఓదార్చలేదు. ఆమె ఆయన మాట నమ్మింది, అందుకే మరింత బాధపడింది.

ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా వార్డు వార్డుకీ తానే వెళ్ళి సీసాలన్నీ తెచ్చింది. పూలు తీసి పారేసింది. సీసాలను సెలైను సీసాల్లాగే ఉడికించి, గుడ్డ మీద ఆరబెట్టింది. లిఫ్టులో ఎక్కించేటప్పుడు మరిది నోట కేక రాలేదు. "ఇన్నేళ్ళు లేని రోగం ఇప్పుడొచ్చిందా? ఈయనొక్కడే చదువుకున్నాడా?" అని పళ్ళు కొరికాడు. "అలా అనకు అబ్బాయ్. రోగిని బాగుచేసే చోటు ఇది. మనం అడ్డం కాకూడదు" అంది ఆమె. చాలా రోజులు సరిగా తిండి తినలేదు. తోడికోడలు కంచం ముందు పెట్టి, "తినకపోతే నేనూ తినను. నేను తినకపోతే మీ మరిది తినడు. అందరం కలిసి పోదాం, ఒకే బండి చాలుతుంది" అని అరిస్తే రెండు ముద్దలు మింగేది.

ఒకరోజు ఆమె సర్జనుగారి గది ముందు నిలబడింది. "బాబూ, శవాలగది పక్కన ఇంటివాళ్ళు కూర్చునే గది ఉంది. అక్కడ రోగులు ఉండరు. అక్కడ పెట్టుకోవచ్చా?" అని అడిగింది. ఆయన ఆ గది ఉన్నట్టే ఎరగరు. ఆమెతో నడిచి వెళ్ళి చూశారు. కుళాయి నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెంటనే మనిషిని పిలిపించి ముందు కుళాయి బాగుచేయించారు, గోడకు సున్నం వేయించారు. "పెట్టుకోండి" అన్నారు.

చోటు దొరికింది కానీ పూలు ఎక్కడివి? చూడటానికి వచ్చేవాళ్ళను గేటు దగ్గరే ఆపి పూలు తీసేసుకుంటున్నారు కదా, ఆ పూలు అడుగుదామనుకుంది. వదిన మొదట అడిగిన ఆవిడే నిప్పులు కక్కింది. "మా ఆయన ఇంకా బతికే ఉన్నాడు! ఆయనకని తెచ్చినవి అక్కడ పెడతావా?" అంది. వదిన చేతులు జోడించింది. "తప్పుగా అడిగానమ్మా, మనసులో పెట్టుకోకండి" అని చెప్పి వచ్చేసింది. మళ్ళీ ఎవర్నీ అడగలేదు. ఈ సంగతి మరిది నోట తోటమాలి చెవిన పడింది. అప్పటికి ఆయన ముసలివాడయ్యాడు. మర్నాడు సైకిలు వెనక తడిగోనె కట్టుకుని వచ్చాడు. అందులో తోట సవరించినప్పుడు వచ్చిన లిల్లీలూ, రేకులు కొద్దిగా వాడిన రోజాలూ ఉన్నాయి. "ఇవి ఎవరికోసమూ తెచ్చినవి కాదు" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదొక్కసారే. అప్పట్నుంచీ పూలకు లోటు రాలేదు.

ఆ గదికి వెళ్ళవలసిన రోజు ఎవరికి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం మరిది పై అంతస్తు నుంచి లిఫ్టు దించాడు. ఎప్పట్లాగే గడపకు గడప ఆనించి ఆపాడు. జాలీ తలుపు లాగాడు. స్ట్రెచరు బయటికి వెళ్ళింది, దాని వెనక మనుషులు వెళ్ళారు. చివరి మనిషి దిగాక అతను తన స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు ఇంకా మూయడం లేదేమని ఎవరో లోపలికి తొంగిచూశారు. చుట్టూ డాక్టర్లే. పరుగున వచ్చారు, చెయ్యగలిగిందంతా చేశారు. గుండె మళ్ళీ అందుకోలేదు.

వదినా తోడికోడలూ ఆ గదిలో బల్ల మీద కూర్చున్నారు. నేను తోడుగా ఉన్నాను. తోడికోడలు ఏడ్చి ఏడ్చి వదిన భుజం మీద వాలిపోయింది. వదిన ఎదురుగా కిటికీలో ఉన్న తన సీసాను, అందులోని తెల్లపూలను చూస్తూ కూర్చుంది. అప్పుడు కొత్తగా చేరిన ఆయా ఒకతె బకెట్టుతో లోపలికి వచ్చింది. పనిలో చేరి ఎన్నో రోజులు కాలేదు. అక్కడున్నది ఎవరో ఆమెకు తెలియదు. మెల్లగా, మర్యాదగానే, "అమ్మా, మీ వెనక ఉన్న ఆ వదినని ఇటు అందిస్తారా? నీళ్ళు మార్చాలి" అంది.

తోడికోడలు చివ్వున తలెత్తి, "ఎవర్ని... ఎవర్ని వదినా అంటున్నావు నువ్వు?" అంది. ఆయా బెదిరిపోయింది.

వదిన వెనక్కి తిరిగి, గూట్లో ఉన్న ఇంకో సీసాను రెండు చేతులతో తీసి అందించింది. "నిండా పొయ్యకు. ఒలుకుతుంది" అంది. ఆ మాటతో ఆమెకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

ఈ సంగతి పెద్ద సిస్టరుకు తెలిసింది. ఇక మీద ఎవరూ ఆ మాట వాడకూడదని అందరికీ గట్టిగా చెప్పింది. అరల మీది ప్లాస్టర్లు పీకేయించింది. కొన్నాళ్ళు అందరం నాలుక కరుచుకుంటూ పూలపాత్ర అనీ ఫ్లవర్ వాజు అనీ తడబడ్డాం. దినాలు అయ్యాక వదిన పనిలోకి వచ్చింది. ఎవరో తన ముందు మాట మింగడం గమనించి, నేరుగా పెద్ద సిస్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఆ మాట మానమన్నారట, ఎందుకు సిస్టర్?"

"నీకు కష్టంగా ఉంటుందని. మనిషి పేరు పెట్టి వస్తువును పిలవడం బాగోదని."

"నన్ను వదినా అని పిలిచే హక్కున్నవాడు పోయాడు సిస్టర్. ఆ సీసాను అలా పిలిచింది మొదట వాడే. మీరంతా అలా అంటుంటే వాడి నవ్వు వినిపిస్తుంది నాకు. ఉండనివ్వండి."

పెద్ద సిస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "సరే" అంది.

కొన్నేళ్ళకు సెలైను ప్లాస్టిక్ సంచుల్లో రావడం మొదలైంది. సీసాలగది మూసేశారు. ఆమెను దుప్పట్లు మడిచే పనికి మార్చారు, అక్కణ్ణుంచే విశ్రాంతి తీసుకుంది. నేనూ బదిలీ మీద వెళ్ళిపోయాను.

కిందటేడు ఆ దారిన వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో తోడికోడలు కుట్టుమిషను తొక్కుతోంది. తల నెరిసినా నోరు నెరవలేదు. వదినకు చూపు బాగా తగ్గింది. నా చెయ్యి తడిమి గుర్తుపట్టింది. పాతవాళ్ళందరి క్షేమం అడిగింది. నేను గది చుట్టూ చూశాను. తళతళలాడే గిన్నెలున్నాయి, గోడకు అన్నదమ్ముల ఫోటోలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఆమె చేసిన సీసా ఒక్కటీ కనబడలేదు.

"మీకోసం ఒక్కటీ ఉంచుకోలేదా వదినా?" అని అడిగాను.

"ఒకటుందమ్మా, బీరువా మీద. ఎప్పుడూ దించలేదు. పూలు తెచ్చేవాళ్ళెవరున్నారు మా ఇంటికి?" అంది నవ్వుతూ.

మిషను చప్పుడు ఆగిపోయింది. "తేవడానికి నా కాళ్ళేమన్నా విరిగాయా? నోరు తెరిచి అడిగితే కదా! ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అడిగిందా ఈ మనిషి?" అని తోడికోడలు నా వైపు తిరిగి నిలదీసింది. ఆవిడ కత్తెర పక్కన పడేసి, బీరువా దగ్గర స్టూలు వేసుకుని ఎక్కింది, దుమ్ము పట్టిన సీసాను దించి వదిన ఒళ్ళో పెట్టింది. చెప్పులు వేసుకుని, సంచీ తీసుకుంది.

"ఏ రంగువి తేను?" అని గుమ్మంలోంచి అడిగింది.

"నాకు రంగులు ఎక్కడ తెలుస్తున్నాయే ఇప్పుడు. వాసన ఉన్నవి తే" అంది వదిన. "మబ్బు పట్టినట్టుంది, గొడుగు తీసుకెళ్ళు."